రెండో బొట్టు

నేను ఒక తుపాకిని. ఆ ‘ఒక’ అనే మాట దగ్గరే ఇప్పుడు నాకు అనుమానం.

నన్ను చేసిన కార్ఖానాలో గొట్టం మీద, తూటాను లోపలికి తోసే బోల్టు మీద, భుజానికి ఆనించే కర్ర అడుగున ఒకే నంబరు కొట్టారు. ముక్కలు విడిపోయినా తిరిగి ఒకచోటికి చేరాలని. మనుషులు పిల్లలకు ఇంటిపేరు పెట్టేది కూడా ఇందుకేనేమో. పటాలంలో చాలా చేతులు మారాను. భయపడే చేయి నన్ను బిగించి పట్టుకునేది. భయం లేదని చెప్పుకునే చేయి ఇంకా బిగించేది. చివరికి విజయనగరం వైపు నుంచి వచ్చిన పైడిరాజు చేతికి చేరాను.

మంచుకొండల యుద్ధంలో పేలిన గుండు ఇనపపెంకు ఒకటి తగిలి నా బోల్టు పగిలింది. పక్కనే అతని ఊరివాడు సోములు చనిపోయి పడి ఉన్నాడు. పైడిరాజు అతని కళ్ళు మూసి, అతని తుపాకి బోల్టు తీసి నాలో పెట్టాడు. అది కాస్త మొరాయించి కుదురుకుంది. నేను పేలాను, పైడిరాజు బతికాడు. పేలింది నేనా, సోములు తుపాకా అని ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

అతను రిటైరయ్యేటప్పుడు నన్నిక పేలకుండా చేసి జ్ఞాపికగా ఇచ్చారు. ఏటా ఆయుధపూజకు అతని భార్య గౌరమ్మ నన్ను ఇత్తడి చెంబులతో పాటు తోమేది. అతను నవ్వుకునేవాడే గాని వద్దనలేదు. తర్వాత గొట్టానికి ఒక బొట్టు, బోల్టుకి ఒక బొట్టు పెట్టేవాడు. రెండో బొట్టు దగ్గర అతని వేలు కాసేపు ఆగేది. అలా ఎందుకు ఆగేదో గౌరమ్మ ఒక్కదానికే చెప్పాడు.

అతను పోయాక గౌరమ్మకు ఒకటే కోరిక మిగిలింది. విశాఖ మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, నా కింద భర్త పేరు ఉండాలి. భాగాలన్నీ అసలువని తేలితేనే పేరు పలక అని అక్కడి నియమం. పరీక్షించడానికి మ్యూజియం నుంచి జోగారావు వచ్చాడు. డాక్టరు ముందు రోగిలా పడుకున్నాను. గొట్టం, కర్ర ఒకే నంబరన్నాడు. బోల్టు దగ్గర అతని భూతద్దం ఆగింది.

“దేంతో తోమేరమ్మా దీన్ని?”

“సింతపండుతో బాబూ. దేవుడి సామాన్లతో పాటే.”

“తుపాకీకి పులుసు పెట్టేరన్నమాట.”

బోల్టు మీది అంకెలు అరిగిపోయాయి. ఆ నంబరే కావచ్చు, కాకపోవచ్చు. మొదటినుంచీ ఈ బోల్టేనని ఆమె ఒక్కమాట చెబితే అసలుదని రాస్తానన్నాడు.

గౌరమ్మ వేలు బోల్టు మీదికి వెళ్ళి, భర్త వేలు ఆగే చోటే ఆగింది. ఆమె అబద్ధం చెబితే బాగుండుననుకున్నాను. అసలుదాన్ని అనిపించుకోవాలనే ఆశ ఇనుముకీ ఉంటుంది.

“అది సోములుది బాబూ,” అంది. “ఆడి బోల్టే నా పెనిమిటిని ఇంటికి తెచ్చింది. బతికున్నన్నాళ్ళూ ఆయన ఆడికి బొట్టెట్టేడు. ఇప్పుడు నాను ఆడు లేడని ఎలగ సెప్తాను?”

జోగారావు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. పేరు పలక రాదని మెల్లగా చెప్పి వెళ్ళాడు. ఆమె నన్ను భర్త కంబళిలో చుట్టి లోపలికి తీసుకుపోయింది.

ఆ చీకట్లో చాలా ఆలోచించాను. ‘నేను’ అంటున్నది గొట్టమా, కర్రా, అరువు తెచ్చుకున్న ఆ బోల్టా? నాదనుకున్న ధైర్యంలో ఎంత భాగం సోములుది?

ఆ దసరాకి గౌరమ్మ చింతపండు నానబెట్టలేదు. పొడిగుడ్డతో తుడిచి, కుంకుమ భరిణె తెరిచి, మొదటి బొట్టు బోల్టుకి పెట్టింది.