అమ్మమ్మ పక్కన చోటు

ఛాయాదేవి పోయిన నెలా పదిరోజులకు, కూతురు రమాసుందరి ఆవిడ ఫోను బీరువాలోంచి తీసి ఛార్జింగు పెట్టింది. అందులోని నంబర్లు ఒక పుస్తకంలోకి ఎక్కించుకుని సిమ్ము తీసేయిద్దామని ఆవిడ ఉద్దేశం. అది సెప్టెంబరులో మొదటి ఆదివారం. రమాసుందరి కూరగాయలకని రైతుబజారుకు వెళ్ళింది. ఇంట్లో ఆమె కూతురు శాంభవి ఒక్కతే ఉంది. గన్నవరం ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర ఉద్యోగం చేసే శాంభవికి ఆదివారం సెలవు దొరకడమే అరుదు. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే అమ్మమ్మ ఫోను మోగింది.

తీసి చెవి దగ్గర పెట్టుకుందో లేదో, అవతలి గొంతు గబగబా మొదలెట్టింది.

“వేసుకున్నానమ్మా, వేసుకున్నా. మీరు అడక్కముందే చెప్తన్నా. కిందటి నెల ఎన్నిసార్లు చేసినా మీ ఫోను కలవలేదేంటమ్మా? భయమేసింది నాకు.”

“ఎవరండీ?”

“అయ్యో, అమ్మగారు కాదా? నేనండీ, పామర్రు నుంచి శ్రీదుర్గని. అమ్మగారు స్నానానికి వెళ్ళారా?”

నోటిదాకా వచ్చిన మాట శాంభవికి అక్కడే ఆగిపోయింది. ఆ మాట ఈ నెలా పదిరోజుల్లో ఎంతమందికో చెప్పింది. పాలబ్బాయికీ, మందుల షాపు ఆయనకీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అమ్మమ్మ పనిచేసిన స్కూలు పాత విద్యార్థినులకీ చెప్పింది. కానీ ఈ పేరు విన్నాక చెప్పలేకపోయింది.

“ఆఁ,” అంది.

“సరేనండీ, పరవాలేదు. శ్రీదుర్గ మాత్ర వేసుకుందని చెప్పండి, చాలు.”

రమాసుందరి సంచీతో తిరిగొచ్చేసరికి శాంభవి తడిజుట్టుతో అలాగే కూర్చుని ఉంది. సంగతి విని ఆవిడ ఆశ్చర్యపోయింది.

“స్నానానికి వెళ్ళిందని చెప్పావా? అదేం పనే?”

“నేను చెప్పలేదమ్మా. ఆమే అడిగింది. నేను ఆఁ అన్నాను.”

“సరే, మళ్ళీ చేసి నిజం చెప్పేసెయ్.”

“ఫోన్లో చెప్పను. పామర్రు వెళ్ళి చెబుతాను.”

ఎందుకో తల్లికి చెప్పలేదు శాంభవి. పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అది.

శాంభవికి అయిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ మరుసటి ఏడే రమాసుందరికి మన్యంలో టీచరు ఉద్యోగం వచ్చింది. పసిపిల్లను ఆ కొండల్లోకి ఎందుకని ఛాయాదేవి తన దగ్గరే ఉంచేసుకుంది. ఆవిడ పామర్రు దగ్గర ఆడపిల్లల హాస్టలు స్కూల్లో నర్సు. నాలుగువందల మంది పిల్లలకు ఆవిడే నర్సమ్మగారు. పేలు చూసేది, కళ్ళు పరీక్షించేది, మొదటిసారి బట్టలు మైలపడి బెదిరిపోయిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అన్నీ చెప్పేది. సోమవారం పొద్దున వరుసగా కడుపునొప్పులు వచ్చేవి. ముందురోజు అమ్మానాన్నలు వచ్చి చూసి వెళ్ళిన పిల్లలకే అవి వస్తాయని ఆవిడకు తెలుసు. ఏమీ అడక్కుండా దుప్పటి పరిచి, “బెంగకి నా దగ్గర మందు లేదు గానీ మంచం ఉందే, కాసేపు పడుకో,” అనేది.

ఆ సిక్‌రూము వెనకే ఒక గది, వంటిల్లు. అదే వాళ్ళ ఇల్లు. శాంభవి అమ్మమ్మ పక్కన గోడవైపు పడుకునేది. పగలంతా అమ్మమ్మ అందరిదీ. సిక్‌రూములోకి వెళితే శాంభవి కూడా మిగతా పిల్లల వెనక వరుసలో నిలబడాల్సిందే. కానీ తెల్లవారుజామున, స్కూలు గంట కొట్టేలోపు ఓ పావుగంట మాత్రం అమ్మమ్మ అచ్చంగా శాంభవిదే. మెలకువ వచ్చినా లేవకుండా, మనవరాలి కాళ్ళు తన పొట్టమీద వేసుకుని, “మీ అమ్మ ఇప్పుడు లేచి పొయ్యి ముట్టించి ఉంటుంది, పాలు పెట్టి ఉంటుంది,” అంటూ కూతురు ఇంట్లో ఏం చేస్తోందో ఊహించి చెప్పేది. ఆ ఒంటికి డెట్టాలూ కొబ్బరినూనే కలిసిన వాసన వచ్చేది.

శాంభవి మూడో తరగతిలో ఉండగా శ్రీదుర్గ వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, రైతుల ఇంటి అమ్మాయి. ఒకరోజు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ విరుచుకు పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. గాలి సోకిందన్నారు పిల్లలు. ఎవరో పరిగెత్తుకొచ్చి ఆ పిల్ల చేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఛాయాదేవి ఆ గుత్తి తీసి అవతల పారేసి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మర్నాడు తనే బస్సులో బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఇది మూర్ఛ అనీ, రోజూ మాత్ర తప్పకూడదనీ, నిద్ర లేచే వేళే ఎక్కువగా వస్తుంది గనక అప్పుడు పక్కన మనిషి ఉండాలనీ డాక్టరు చెప్పాడు. హాస్టల్లో ఆ పిల్ల పక్కన పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇంటికి పంపేయమంది హెడ్‌మిస్ట్రెస్.

“పంపిస్తే చదువు మానిపిస్తారండీ. నా గదిలో ఉంటుంది,” అంది ఛాయాదేవి.

అలా గోడవైపు చోటు శ్రీదుర్గకు వెళ్ళింది. శాంభవికి వంటింటి గుమ్మం దగ్గర మడతమంచం వేశారు. తెల్లవారి లేచి చూస్తే అమ్మమ్మ అటు తిరిగి, ఆ పిల్ల మొహంలోకే చూస్తూ ఉండేది.

ఆ మాఘమాసంలో ఛాయాదేవి రెండు రోజుల ట్రైనింగుకని బందరు వెళ్ళాల్సి వచ్చింది. తోడుకు ఆయమ్మను పెట్టి, రెండు మాత్రలు పొట్లం కట్టి మనవరాలి చేతికిచ్చింది. “సాయంత్రం అన్నం తినగానే అక్కకి ఒకటివ్వాలి. మర్చిపోవుగా?” అంది. శాంభవి మర్చిపోలేదు. పొట్లం తీసుకెళ్ళి కాలవలో పారేసింది. “ఈ రెండ్రోజులూ వద్దని అమ్మమ్మ చెప్పింది,” అని శ్రీదుర్గతో అంది. ఆ పిల్లకు జబ్బు ఎక్కువైతే వాళ్ళ ఊరికి పంపించేస్తారనీ, గోడవైపు చోటు తనకు తిరిగి వస్తుందనీ ఆ ఎనిమిదేళ్ళ బుర్రకు తోచింది.

రెండోరోజు తెల్లవారుజామున శ్రీదుర్గ పంపు గట్టుమీద పడింది. గడ్డం చీలి అయిదు కుట్లు పడ్డాయి. ఛాయాదేవి బందరు నుంచి వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ గదిలో చాలాసేపు ఉండి, ఇంటికి వచ్చి మామూలుగా వంట చేసింది. శాంభవిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం తల దువ్వి జడ వేస్తూ కూడా అమ్మమ్మ ఆ ఊసెత్తలేదు. తెలియలేదు కాబోలనుకుంది శాంభవి. పెద్దయ్యాక చెబుదామని ఎన్నిసార్లో అనుకుంది. ఆవిడ రిటైరై బెజవాడ వచ్చేసి, ఇరవైరెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా, చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

బుధవారం సెలవు పెట్టి పామర్రు బస్సెక్కింది. ఉయ్యూరు దాటాక రోడ్డుకు రెండువైపులా నాట్లు కుదురుకుని పచ్చగా ఉన్నాయి. పామర్రు సెంటర్లో శ్రీదుర్గ పేరు చెప్పి అడిగితే కుట్టుమిషను దుర్గమ్మ కొట్టు ఎవరో చూపించారు. మిషను మీద వంగి ఉన్న ఆమె తలెత్తగానే గడ్డం మీది మచ్చ కనిపించింది.

“నేను శాంభవినక్కా. ఛాయాదేవిగారి మనవరాల్ని.”

శ్రీదుర్గ కళ్ళు పెద్దవి చేసుకుని లేచింది. “పాపా! ఎంతదానివైపోయావే! అమ్మగారేరీ? ఆటోలో కూర్చోబెట్టావా?” అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డుమీదికి వెళ్ళి చూసింది.

ఆటో లేదు. తిరిగి చూసి, శాంభవి మొహం చూసి, ఆమె నెమ్మదిగా అరుగుమీద కూర్చుండిపోయింది.

“ఎప్పుడు?”

“జులై ఆఖర్లో. నిద్రలోనే పోయింది. ఆదివారం నీకు ఫోన్లో చెప్పలేకపోయాను.”

చాలాసేపు ఏడ్చింది శ్రీదుర్గ. పక్క కొట్టువాళ్ళు వచ్చి మంచినీళ్ళిచ్చారు. తర్వాత కొట్టు మూసి, శాంభవిని వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళింది. భర్త సాయిగణేష్ పనిలో ఉన్నాడనీ, కూతురు కాలేజీకి వెళ్ళిందనీ చెప్పింది.

“నాకు పెళ్ళి కుదిరినప్పుడు జబ్బు సంగతి దాచిపెడదామంది మా అమ్మ. నర్సమ్మగారు ఒప్పుకోలేదు. ఆవిడే వాళ్ళింటికి వచ్చి, మా ఆయన్ని కూర్చోబెట్టి, ఫిట్సు వస్తే ఏం చెయ్యాలో నేర్పించి వెళ్ళింది. ఆయన ఇప్పటికీ కాలవగట్టు మీద నన్ను సైకిలు తొక్కనివ్వడు. నెలకోసారి నేను ఫోన్ చెయ్యాలి, మాత్ర మానలేదని చెప్పాలి. అదీ ఆవిడ పెట్టిన షరతు.” కళ్ళు తుడుచుకుని కొంచెం నవ్వింది. “నేనేమో ఏడిపించేదాన్ని. మీరే ఒకసారి మాత్ర వద్దన్నారుగా, చూడండి నా గడ్డం, అని. ‘అవునే, బుద్ధి తక్కువై వద్దన్నాను, తప్పు నాదే’ అనేది పాపం, ఎప్పుడన్నా సరే.”

శాంభవి ఆమె మాటకు అడ్డొచ్చింది. “వద్దన్నానని అమ్మమ్మ చెప్పిందా?”

“చెప్పకపోవడమేంటి! ఆరోజు హెడ్‌మిస్ట్రెస్ ముందు నేనూ ఉన్నా. పాప చెప్పిందండీ అన్నా నేను. పాపతో నేనే చెప్పించాను, పొరపాటు నాదే అంది ఆవిడ. కాగితం మీద రాసిచ్చింది కూడా. సర్వీసులో అదొక్కటే మచ్చంట ఆవిడకి.”

అంటే బందరు నుంచి దిగిన ఆ పూటే అమ్మమ్మకు అంతా తెలుసు. తెలిసీ ఆ సాయంత్రం జడ వేసింది. ఇన్నేళ్ళూ నెలనెలా ఆ ఎగతాళి తన మీద వేసుకుంది. పక్కగదిలో పుస్తకం చదువుకుంటూ, అమ్మమ్మ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ “తప్పు నాదేలేవే” అనడం శాంభవి ఎన్నోసార్లు విన్నది. ఆ మాట ఎందుకని ఏనాడూ అడగలేదు.

“అమ్మమ్మ వద్దనలేదక్కా,” అంది. “నేనే కాలవలో పారేశాను. నువ్వు వెళ్ళిపోతావని.”

శ్రీదుర్గ చెయ్యి దానంతటదే గడ్డం మీదికి వెళ్ళింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కూడా లేదు. వెళ్ళిపోదామా అనుకుంది శాంభవి గానీ అక్కడే కూర్చుంది. చాలాసేపటికి రెండు కంచాలతో వచ్చింది శ్రీదుర్గ. మొహం ఎర్రగా ఉంది.

“కోపం రాలేదని చెప్పను,” అంది. “చచ్చిపోయేదాన్నేమో. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి మందిచ్చి వెళ్ళింది ఆవిడ. అది ఆవిడ తప్పే. అందుకే ఒప్పుకుందేమో.” కంచం ముందు పెట్టింది. “నిన్ను తీసి గుమ్మం దగ్గర పడేశారు. నాకప్పుడు ఎంత సంతోషమో తెలుసా? మా ఇంట్లో నన్నలా చూసుకున్నవాళ్ళు లేరు మరి. తిను.”

దోసకాయ పప్పు, వంకాయ కూర. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మూడింటికి బస్సు దాకా వచ్చింది శ్రీదుర్గ. ఎక్కే ముందు శాంభవి చెయ్యి పట్టుకుని, “ఆవిడకి ఆఖర్లో ఏం తినాలనిపించేది?” అని అడిగింది. “వేడన్నంలో నిమ్మకాయ కారం,” అంది శాంభవి. ఆమె తలూపింది.

ఇంటికి చేరేసరికి రమాసుందరి బాల్కనీలో బట్టలు తీస్తోంది. శాంభవి ఆమెకు అంతా చెప్పింది, కాలవ సంగతితో సహా. ఆవిడ బట్టలు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని వింది.

“నాతో ఒక్క మాటైనా అనలేదే అమ్మ,” అంది చివరికి.

“నాతోనూ అనలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేదమ్మా. ఎందుకు చేశావని ఒక్కసారి అడిగితే, నీ పక్కన పడుకోవాలని అమ్మమ్మా అని చెప్పుకునేదాన్ని.”

రమాసుందరి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. “అమ్మకి తెలియదా ఏంటే ఆ మాట,” అంది. తర్వాత కాసేపటికి, మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు, “నువ్వు పడుకున్న ఆ గోడవైపు చోటు, అంతకుముందు, నా చిన్నప్పుడు, నాదే తెలుసా,” అంది.