తెర కుడివైపు అన్న పేరు

"ఉన్నదా?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"ఉన్నదమ్మా."

నేను ఆ మాట అన్నాకే అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టుకుంది. ఆ వారమంతా మా ఇంట్లో ఇలాగే నడిచింది.

మా అన్న ఆనంద్ కుమార్ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. సకల జనుల సమ్మెతో కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటలేదు. శనివారం అన్న ఎవరి బండి మీదో గడ్డిఅన్నారం వచ్చి, నాన్న పండ్ల మార్కెట్ నుంచి తెచ్చిన సీతాఫలాలు సంచిలో వేసుకుని మళ్ళీ హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేసి రైలు రోకోకు పోతున్నానన్నాడు. మధ్యాహ్నం నుంచి ఆ ఫోన్ కలవలేదు. పట్టాల మీద కూర్చున్నవాళ్ళను వ్యాన్లలో ఎక్కించుకుపోయారని కొందరు, లాఠీలతో కొట్టారని కొందరు చెప్పారు. అమ్మ భయం వేరే, తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. టీవీలో ఏ పిల్లవాడి ఫొటోకు దండ కనిపించినా గబుక్కున లేచి టీవీ కట్టేసేది.

మా నాన్న సాలోమోను మార్కెట్లో హమాలీ. పని మానేసి ఒక్కో పోలీస్ స్టేషన్‌కు తిరుగుతున్నాడు. ఇంట్లో నేను, అమ్మ, అన్న వదిలేసిన పాత కంప్యూటర్ మిగిలాం.

ఎండాకాలంలో అన్న నాకు ఐఆర్‌సీ చూపించాడు. అది ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే గది లాంటిది. ముఖాలుండవు, గొంతులుండవు, టైపు చేసిన మాటలే ఉంటాయి. నేను పదో తరగతి వరకు ఊరి బడిలో చదివి నిరుడే ఇక్కడికి వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలేజీలో ఎవరైనా పేరడిగితే నా గొంతు నాకే వినపడదు. "నోరు లేనోళ్ళకు దేవుడు కీబోర్డు ఇచ్చిండు చెల్లే, వాడుకో" అని అన్న నవ్వాడు. అయినా నేను ఆ గదిలో ఒక్క మాట రాయలేదు.

అన్నకు ఫోన్ కలవకపోయేసరికి ఆ గది గుర్తొచ్చింది. బ్రౌజర్‌లోనే తెరుచుకునే పేజీ ఒకటుంది, ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు. 'అతిథి' అని ఏదో ఒక పేరుతో లోపలికి వెళ్ళాను. ఎడమవైపు మాటలు, కుడివైపు గదిలో ఉన్నవాళ్ళ పేర్లు. ఆ వరుసలో అన్న పేరు కనిపించింది, ఆనంద్‌కె. కొంచెం కిందే యాదగిరి, హాస్టల్లో అన్న గది స్నేహితుడు.

అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెరను వేలితో తాకింది.

"గిది మనోడేనా?"

"మనోడే. కిందున్నది యాదగిరి పేరు."

"యాదగిరి గూడ ఉన్నడు. అయితే ఇద్దరు ఒక్కతాననే ఉన్నరు." అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

నేను అన్నకు విడిగా "అన్నా" అని రాశాను. జవాబు రాలేదు.

"ఎట్ల మాట్లాడ్తడు బిడ్డా? పక్కన పోలీసోళ్ళున్నరేమో. దాసుకొని కూసున్నడేమో" అంది అమ్మ. నాకూ అదే నిజమనిపించింది.

కానీ సమ్మెలో కరెంటు గంటలకొద్దీ పోయేది. వచ్చినప్పుడల్లా ఆ పేజీ వంకర అక్షరాలు చూపించి, అవేమిటో కొట్టమనేది. నేను తప్పు కొట్టేదాన్ని. మళ్ళీ వేరే అక్షరాలు చూపించేది. అంతసేపూ అమ్మ నా కుర్చీ పట్టుకుని నిలబడేది. ఇది కుదరదు, ఆ గది తెరిచే ప్రోగ్రామ్ ఒకటి కంప్యూటర్‌లోనే ఎక్కించుకోవాలనుకున్నాను.

అన్న దాచిన ఫోల్డర్లో రెండున్నాయి. అన్న వాడేది నల్ల తెర మీద నడుస్తుంది, అన్నీ ఆజ్ఞలే టైపు చేయాలి. దాన్ని తెరిచి తెలుగు రాసి చూస్తే ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడ్డాయి. అన్న మాట్లాడితే అమ్మ చదవాలి కదా, అమ్మకు తెలుగు తప్ప రాదు. రెండోది మామూలు కిటికీలా తెరుచుకుంది. తెలుగు సరిగ్గా కనిపించింది. కరెంటు వచ్చాక దాన్ని తెరిస్తే చాలు, అదే గదిలోకి వెళ్ళిపోతుంది. దాన్నే ఉంచుకున్నాను.

నెట్ వైరు పైనున్న ఇంటి ఓనర్ చక్రపాణి అంకుల్ ఇంట్లోంచి వస్తుంది. వాళ్ళది భీమవరం దగ్గర. మెట్ల దగ్గర నన్ను చూసి, "ఏమ్మా, మీ అన్నయ్య ఇంకా తెలంగాణ తేలేదా?" అన్నారు. నేను తల దించుకున్నాను. ఆయనే మళ్ళీ, "వైరు పీకనులే, బెంగపడకు. ఏదైనా కబురొస్తే చెప్పు" అన్నారు.

గురువారం పొద్దున కొత్త దానిలో అన్న పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కాను. ఒక పట్టీ జారింది. సమాచారం అన్న చోట నొక్కితే కింద కొన్ని వరుసలు వచ్చాయి. ఒక వరుసలో 'ఐడిల్' అని, పక్కన నాలుగు రోజుల పైచిలుకు అని ఉంది. ఐడిల్ అంటే ఏమీ టైపు చేయకుండా ఉండటం. ఆ లెక్కన అన్న శనివారం రాత్రి నుంచి ఒక్క అక్షరం కొట్టలేదు. రైలు రోకో ఆదివారం.

మళ్ళీ నొక్కి చూశాను, అదే లెక్క.

"ఉన్నదా?" వంటింట్లోంచి అమ్మ.

"ఉన్నది" అన్నాను. పళ్ళెం చప్పుడైంది.

ఎవరినైనా అడగాలి. గదిలో అడుగుదామంటే, రాజకీయాలు మాట్లాడితే బయటికి పంపిస్తామని పైనే రాసి ఉంది. ఆ గదిని చూసుకునేది పట్టాభి అనే అతను. రాజమండ్రి వైపు అబ్బాయి, అన్న ల్యాబ్‌లోనే చదువుతాడు. రాష్ట్రం గురించి అన్నతో గొడవపడతాడని విన్నాను. అతనికే విడిగా రాశాను. రాసి, చెరిపి, మళ్ళీ రాశాను.

"ఆనంద్ ఎక్కడున్నాడు?"

వెంటనే జవాబొచ్చింది. "ఎవరండీ మీరు?"

"వాళ్ళ చెల్లెల్ని."

"పేరు లేదు, ఊరు లేదు, అతిథి అట. నిన్న కూడా ఒకాయన ఇలాగే వాడికి మేనమామనని వచ్చాడు. ఏ స్టేషన్ అండీ మీది?"

నేను భయపడి దాక్కున్న పేరే నన్ను పోలీసును చేసింది. కాదని ఎలా చెప్పాలి? ఇలా రాశాను. "శనివారం అన్న ఇంటి నుంచి హాస్టల్‌కు సీతాఫలాలు తెచ్చాడు. అందులో రెండు బాగా మెత్తబడ్డాయి. అమ్మ వాటిని విడిగా న్యూస్ పేపర్లో చుట్టింది."

"ఆ రెండూ నేనే తిన్నాను చెల్లెమ్మా. క్షమించు."

తర్వాత అతను వరుసగా రాశాడు. అన్న వాడే కంప్యూటర్ ల్యాబ్‌లో ఉంది. ఆదివారం పొద్దునే ల్యాబ్‌కు తాళం వేశారు. కరెంటు పోయినా జనరేటర్ మీద లోపల మిషన్ నడుస్తూనే ఉంటుంది, అది నడిచినంత కాలం పేరు గదిలో ఉంటుంది. యాదగిరిదీ అంతే. "ఆ పేర్లను నమ్మకండి. వాళ్ళిద్దరినీ వ్యాన్ ఎక్కించడం చూసినవాళ్ళున్నారు. ఎటు తీసుకెళ్ళారో కనుక్కుంటున్నాను."

నేను వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ తింటోంది. చేతిలో ముద్ద అలాగే ఉండగా అంతా చెప్పాను.

"మరి గిన్నొద్దులు నేనెవలిని చూసిన?"

అమ్మ ముద్దను పళ్ళెంలో పెట్టి చేయి కడుక్కుంది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. కానీ వచ్చి కంప్యూటర్ ముందే కూర్చుంది. కరెంటు పోయినా నల్లటి తెర ముందు నుంచి లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం గదిలో ఒక వరుస పడింది. ఎవరో లోపలికి వచ్చారు. కుడివైపు అన్న పేరు కిందే ఇంకొక పేరు చేరింది. అదే పేరు, చివర ఒక అడ్డగీత.

"ఇద్దరున్నరేంది?" అమ్మ నా భుజం పట్టుకుంది.

ఒక పేరు గదిలో ఉండగా అదే పేరుతో ఇంకొకరు రాలేరు, చివర ఏదో ఒకటి తగిలించుకోవాలి. అంటే ఆ గీతను ఇప్పుడే ఎవరో చేత్తో కొట్టారు.

"అన్నా?"

"ఎవరు?"

ఇంతవరకూ ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను, ఈసారి అమ్మ చదివేలా తెలుగు లిపిలో కొట్టాను. "నేను జోస్నను. అమ్మ పక్కనే ఉన్నది."

తర్వాత ఒక్కో మాటా వచ్చింది. "చెల్లే. ఒక్క చెయ్యితోటి కొడుతున్న. ఎడమ చెయ్యి ఇరిగింది. సూర్యాపేట దవాఖాన పక్కన నెట్ సెంటర్‌ల ఉన్న. ఫోన్ గుంజుకున్నరు, నంబర్లన్ని దాన్లనే పోయినయి. నాకు నోటికొచ్చే అడ్రస్ గీ గది ఒక్కటే."

అమ్మ పెదాలు కదిలిస్తూ అక్షరం అక్షరం చదివింది. "అన్నం తిన్నడా అడుగు" అంది. ఏడుస్తూనే ఉంది.

అడిగాను. అన్న దానికి జవాబివ్వలేదు.

"యాదగిరి ఇంటికొచ్చిండా? ఎవలన్న చెప్పిన్రా? నా పక్కనే కూసున్నడు. వ్యాన్ దిగినంక కనపడలే. నేను వాన్ని తీస్కోకుండ రాను."

అమ్మ ఆ వరుసను రెండుసార్లు చదివింది. తర్వాత కుడివైపుకు చూసింది.

"గా పిలగాని పేరు ఇంక ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

వంటింట్లో అన్నం వండి దించి ఉంది. అమ్మ లేవలేదు.