ఊర్మిళ పత్యం

"మనుమరాలా, ఆడికి ఆపు. నీళ్ల సంగతి ముందుగాల రాయి. గ్లాసు ఎత్తి గటగట తాగొద్దని రాయి. ఒక గుక్క నోట్లె పట్టాలె... జర ఆగాలె... మెల్లగ మింగాలె..."

"తాతా, నువ్వు ఆగినప్పుడల్లా నేను చుక్కలు పెట్టాల్నా?" అంది స్పందన. "నువ్వు మింగేలోపు ఫోన్ ఆరిపోతున్నది."

"ఆరిపోతే మల్ల ముట్టు. నీ వేలి మాటే వింటది కదా అది."

గంగారాం బాల్కనీ కుర్చీలోంచి లేచాడు, కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అడాజన్ రోడ్డు మీద బస్సులు లేవు, స్కూటర్లు లేవు. అంబులెన్సు ఒక్కటే అరుచుకుంటూ వంతెన వైపు పోయింది. మామూలుగానే ఆయన మాట ఎద్దుబండి మీద వస్తుంది. కరోనా తిరిగి విరుచుకుపడిన ఈ ఎండాకాలంలో బండి మరీ నెమ్మదించింది.

ఊర్మిళ ఆయన చెల్లెలి కూతురు. తాపీ నదికి అవతల నవాగామ్‌లో భర్త ముత్యంతో, అత్త వెంకటవ్వతో ఉంటుంది. ఒళ్లు బరువెక్కి మెట్లెక్కలేక, షుగరు అదుపులోకి రాక, పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. కరోనా తగ్గినట్టే కనిపించిన రోజుల్లో ఒక ట్రస్టు ఆసుపత్రివాళ్లు చేశారు. నెల దాటింది. చూపించుకోవడానికి రమ్మన్న రోజుకల్లా ఆసుపత్రి మొత్తం కరోనా రోగులతో నిండింది. ఇప్పుడు రావద్దు, ఇంట్లోనే జాగ్రత్తగా ఉండమన్నారు.

అదే ఆపరేషన్ గంగారాంకు కరోనా పేరు ఎవరూ వినకముందే అయింది. మగ్గాల కార్ఖానాలో యంత్రాలు బాగుచేసే జాబర్‌గా బతుకంతా నిలబడి, సెలవు రోజుల్లో పళ్లెం మీద పళ్లెం లాగించి, చివరికి కొడుకు ఇంట్లో మంచం దిగలేని స్థితికి వచ్చాక చేశారు. అందుకే ఊర్మిళ ఆయన్నే అడిగింది. "మామా, నువ్వెట్ల తిన్నవో రాసి పంపు. ఎదురుంగ పెట్టుకొని తింట" అంది.

"రాసినవా? ఇప్పుడు తిండి. చిన్న చెంచాతోటి తినాలె. నోట్లెనే పిండి కావాలె. ఎక్కిళ్లొస్తే, రొమ్ముల బిగవట్టినట్టు ఐతే, ఆడికి చాలు. పళ్లెంల మిగిలిందని ఇంకో ముద్ద కుక్కొద్దు. తినుకుంట నీళ్లు తాగొద్దు, జర సేపాగి తాగాలె."

"ఆ శనగపిండి లోచో సంగతి రాయాల్నా?"

"రాయి. మెత్తగున్నది గదా అని నేను తిన్న. మీద పోసిన నూనె సంగతి ఎవరు చెప్పిండ్రు నాకు? అద్దగంట బాత్రూంల కూసున్న. మెత్తగుంటే సాలదని రాయి."

స్పందన నవ్వుతూ తెలుగు అక్షరాలు వెతుక్కుంది. గంగారాం నవ్వలేదు. పొద్దున ఫోన్లో విన్న ఊర్మిళ గొంతు ఆయన చెవిలోంచి పోవడం లేదు. బావి అడుగునుంచి పిలిచినట్టుంది. ఆయన రోజూ అడుగుతూనే ఉన్నాడు, తింటున్నవా బిడ్డా అని. తింటున్న మామా అంటూనే ఉంది. ఏం తింటున్నావని మాత్రం అడగలేదు.

"రాసుడు ఆపు. పొద్దున ఏం తిన్నదో అడుగు."

జవాబు వెంటనే వచ్చింది. స్పందన చదివింది: "గంజి తాగిన. నిన్న గంజే, మొన్న గంజే."

"ఫోన్ కలుపు. మొఖం కనవడేటట్టు కలుపు."

తెరమీద ఊర్మిళ గోడకు ఆనుకుని కనిపించింది. బుగ్గలు తగ్గినందుకు సంతోషపడవలసింది, కానీ కళ్లు కూడా లోపలికి పోయాయి. సర్దుకుని కూర్చోవడానికి గోడ పట్టుకుంది.

"కండ్లు తిరుగుతున్నయి మామా. కరోనానేమో అని అత్త బుగులు పడ్డది. టెస్టు చేసిండ్రు, లేదన్నరు."

"పప్పు కట్టు తాగుతలేవా? పెరుగు? గుడ్డు?"

"పత్యం గదా మామా. ఇంటికి తోలేటప్పుడు తిండి సంగతి చెప్పే ఆ డైట్ బెన్ ఒకటే మాట చెప్పింది. 'పరేజి రాఖ్‌జో, పరేజి రాఖ్‌జో' అన్నది. అదే అత్తకు చెప్పిన. అప్పటిసంది అత్త పత్యం పెడ్తున్నది."

గంగారాంకు సంగతి అర్థమైంది. ఆ గుజరాతీ ఆమె దృష్టిలో పరేజి అంటే నూనె వద్దు, తీపి వద్దు, గట్టి తిండికి తొందరపడొద్దు. ఆ మాట తాపీ దాటి నవాగామ్ చేరేసరికి పత్యం అయింది. వెంకటవ్వ ఇంట్లో ఆపరేషన్ పత్యం అంటే ఒకటే అర్థం: కుట్లు చీము పట్టకుండా పప్పు, పాలు, పెరుగు, గుడ్డు అన్నీ బంద్. ఏవి తింటే ఊర్మిళ నిలబడుతుందో, సరిగ్గా వాటినే అత్త గడప తొక్కనివ్వలేదు.

ఫోన్ పెట్టగానే ఆయన లేచి చెప్పులు వెతికాడు.

"యాడికి?" స్పందన తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నవాగామ్."

"కరోనా అని వాళ్ల గల్లీకి అడ్డంగ రేకులు కొట్టిండ్రు తాతా. పోలీసులు నిలబడ్డరు. నాన్న హజీరా డ్యూటీ నుంచి వచ్చి నన్ను తిడ్తడు. పైగా నీకు షుగరు."

"షుగరు పోయింది."

"వయసు పోలేదు గదా."

గంగారాం చెప్పులు విడిచాడు. హాల్లో ఆ గోడ దాకా నడిచాడు, ఈ గోడ దాకా నడిచాడు. వెంకటవ్వకే ఫోన్ కలపమన్నాడు. స్పందన కలిపి చేతికిచ్చింది.

"వదినె..."

"చెప్పన్నా, మంచిగున్నరా అందరు? మీ దిక్కు ఎట్లున్నది రోగం? పిల్లది ఏమన్న చెప్పిందా నీకు? నేను కండ్లల్ల పెట్టుకొని సూస్తున్న."

"గదే వదినె, పప్పు..."

"పప్పా? పప్పు పేరే ఎత్తకన్నా. ముత్యానికి అపెండిక్స్ కోసినప్పుడు ఎవరు కాపాడిండ్రు? నేను పెట్టిన పత్యమే గదా. సూది మొనంత చీము పట్టలె. పిల్ల నోరూరుతదని నేను గూడ పప్పు మానేసిన. ఇంట్ల గిన్నెనే ఎక్కియ్యలె."

"వదినె, లోపట..."

"ఇయి దవాఖానకు తోలే రోజులా అన్నా? కుట్టు పగిలితే యాడికి ఎత్తుకపోవాలె? ఉంట మరి, పొయ్యి మీద ఎసరున్నది."

ఫోన్ ఆగిపోయింది. గంగారాం దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

"తాతా, నీది ప్యాసింజర్, ఆమెది రాజధాని" అంది స్పందన. ఆయన మొహం చూసి ఫోన్ మెల్లగా తీసుకుంది. "నేను మాట్లాడనా?"

"నీ మాట వింటదా? పిల్లవు అంటది. ఊర్మిళ మాట వింటదా? కోడలు అంటది." ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. "కోపం జేసుకునేటట్టు గూడ లేదు. తను గూడ పప్పు మానేసింది, విన్నవా?"

మళ్లీ లేచాడు. వెంకటవ్వ భయం ఆయనకు తెలియనిది కాదు. పడకలు దొరకని ఊళ్లో కోడలికి కుట్టు పగిలితే అన్న భయంతోనే ఆమె గంజి కాస్తోంది. ఆ గంజి తాగి ఊర్మిళ ఏ పొద్దున లేవలేకపోతుందో అని ఈయన భయం. మధ్యలో నది, రేకులు, తనకు సమయానికి అందని మాట. ఫోన్లో ఆమెను గెలవడం ఈ జన్మలో జరిగేది కాదు.

"మనుమరాలా, కూసో. ఊర్మిళకు రాసింది పక్కకు పెట్టు. ఇది ముత్యానికి పంపుదాం. కాని ఇంటి పెద్దకు రాసినట్టు రాయి. వదినె అని మొదలుపెట్టు."

"పెట్టిన."

"నువ్వు పెట్టిన పత్యంతోటే పిల్ల బయటి కుట్లు మంచిగ మానినయి."

"నిజమేనా తాతా?"

"మానుడైతే నిజమే. మిగిలింది ఆమె మనసు కోసం. రాయి." కాసేపు ఆగాడు. స్పందన తొందరపెట్టలేదు. "బయటి కుట్టు మానింది, ఇప్పుడు లోపటి పొట్ట సంగతి. పొట్ట గుప్పెడంత గూడ లేదు వదినె. గుప్పెడంత జాగల గంజి పోస్తే గంజితోటే నిండుతది. ఇంక బలమెట్ల జొరవడ్తది? ముత్యానికి కోసింది వేరే, దీనికి కోసింది వేరే. దీనికి కోసినట్టే నాకు గూడ కోసిండ్రు. నేను పప్పు కట్టు తాగిన, పెరుగు తిన్న, గుడ్డు తిన్న. చీము పట్టలె. నమ్మకుంటే అంగీ ఇప్పి పొట్ట సూపిస్త, ఫోన్ల."

"ఛీ తాతా, ఇది రాయను."

"రాయి. సిగ్గుపడి ఐనా ఒప్పుకుంటది."

స్పందన రాసింది.

"పత్యం మానమంటలేను వదినె. పత్యం నువ్వే పెట్టు, నీ చేతులతోనే పెట్టు. పెసరపప్పు మెత్తగ ఉడకవెట్టి, పలుచగ జేసి, పోపు లేకుంట చెంచా చెంచా పోయి. పెరుగు చిలికి ఇయ్యి. గుడ్డు ఉడకవెట్టి మెత్తగ పిసికి, జరంత జరంత పెట్టు. ఇయన్ని తిన్నంక జాగ ఉంటే అన్నం, లేకుంటే వద్దు. ఆ గుజరాతీ బెన్ పరేజి అన్నది నూనెకు, మిఠాయికి. పప్పుకు కాదు. నా మాట మీద నడువమంటలేను. ముత్యం ఇయ్యాలనే దవాఖానకు ఫోన్ జేసి ఆ బెన్‌తో మాట్లాడుతడు. గొంతు పెద్దగ పెట్టి నీకు వినిపిస్తడు. పిల్లకు నీళ్లు గూడ లోపట నిలువకుంటే, నిలబడితే పడిపోతుంటే, కరోనా అని దడువకుండ్రి. వెంటనే దవాఖానకు తీస్కపోండ్రి."

బాల్కనీ కింద మరో అంబులెన్సు పోయింది. గంగారాం కళ్లు మూసుకున్నాడు. స్పందన అయిపోయిందనుకుని పంపడానికి వేలు పెట్టింది.

"ఆగు, ఇంకా ఉన్నది. కింద ముత్యం పేరు రాయి. ముత్యం, బిడ్డా, ఇది నీ పెండ్లాంతోటి సదివియ్యకు. కోడలు సదివితే తన నోటి కోసం అడిగినట్టుంటది, మీ అమ్మ వినకుంటనే పక్కకు పోతది. నువ్వు సదువు. వంటింట్ల మీ అమ్మ పక్కన కూసొని, ఇది మొత్తం సదివి వినిపియ్యి. పిల్ల ముందల మల్ల గంజి గిన్నె పెట్టకముందే వినిపియ్యి."