మూడో రోజుకి చేతులు

"మంచుముక్కల్లో పెడితే బిగుసుకుపోతాయిరా ఆ చేతులు," అంది మా అత్తగారు ఫెర్నాండ్, మూడోసారి.

"వేడినీళ్లలో పెడితే వాస్తాయమ్మా," అన్నాడు మా ఆయన రోజేర్, తనూ మూడోసారే.

మా నది మీద పడవల పందెం మూడు రోజులు. పడవకి ఇద్దరు. జత మారడానికి వీల్లేదు, ఒకరు ఆగిపోతే రెండోవాళ్లూ ఆగిపోవాల్సిందే. ఈసారి మా ఆయన జత మా అమ్మాయి మోడ్. దానికిదే మొదటి పందెం. రెండో రోజు ఆరు గంటలు తెడ్డు వేసి వచ్చిన రోజేర్‌కి చొక్కా గుండీలు కూడా విప్పుకోవడం చేతకాలేదు.

మా ఇంట్లో ఒక పరీక్ష ఉంది. బీట్‌రూట్ ఊరగాయ సీసా మూత తియ్యగలిగినవాళ్లు మర్నాడు పడవ ఎక్కొచ్చు. మామగారి కాలం నుంచీ ఇంతే. రోజేర్ పావుగంటకోసారి ఆ సీసా పట్టుకుని మెలిపెడుతున్నాడు.

"మంచు విషయంలో ఈ ఒక్కసారికీ అత్తయ్యదే రైటు. ఆ సీసా కూడా వదిలెయ్. మెలిపెట్టిన ప్రతిసారీ ఇంకో తెడ్డు వేసినట్టే," అన్నాను.

"పడవ ఎక్కేది నువ్వా, నేనా?"

"ఆసుపత్రిలో పాతికేళ్లుగా కండరాలు చూస్తున్నది నేను."

బఠాణీ సూపు తాగాక మూత ఊడింది. "చూశావా," అన్నాడు. నేను నిండా పోసిన కాఫీ కప్పు చేతికిచ్చాను. సగం బల్ల మీద ఒలికింది.

"పెద్ద పట్టు ముందు తిరిగొస్తుంది, సన్న పట్టు తర్వాత," అన్నాను. "నరం గట్టిగా అరిస్తే కండ వింటుంది. మెల్లగా పిలిస్తే రేపటికిగానీ పలకదు. తెడ్డు వేసేది మెల్లగానే కదా, గంటలకొద్దీ."

"అంటే నాన్న రేపు రాడా?" మోడ్ కంచంలోంచి తల ఎత్తలేదు.

"కడుపునిండా తిని నిద్రపోతే వస్తాడు. పూర్తిగా కాదు, ముప్పాతిక."

"వీడు ముప్పాతికున్నా ఊళ్లో సగంమందికి ఎక్కువే," అంది అత్తగారు.

రోజేర్ బంగాళాదుంపలు, రొట్టె తిని, పాకం పుడ్డింగు రెండుసార్లు పెట్టించుకున్నాడు. మోడ్‌తో ఒడ్డు వెంట నెమ్మదిగా నడిచొచ్చి, ఎనిమిది కాకుండానే పడుకున్నాడు.

పొద్దున కాఫీ ఒలకలేదు. కప్పు అంచు మాత్రం కాస్త కదిలింది. అది నేనొక్కదాన్నే చూశాననుకున్నాను.

ఇరవయ్యేళ్లుగా పడవలో ముందు కూర్చునేది రోజేరే. ముందున్నవాళ్లు పెట్టిన వేగానికే వెనకవాళ్లు తెడ్డు కలుపుతారు. ఆ చోటు తను ఎవరికీ ఇచ్చింది లేదు.

రొట్టెకి వెన్న రాయడం ముగించి, మామూలు గొంతుతో, ముగ్గురికీ వినపడేలా చెప్పాడు.

"ఇవాళ ముందు మోడ్ కూర్చుంటుంది. దాని వేగమే నాదీ."