వార్డులో బ్రదరుకు మంచం లేదు

నర్సింగ్ కాలేజీ యాజమాన్యం వారూ, ఈ పిల్లాణ్ణి తాగుబోతును చేసింది మీరే. నలభై నలుగురు ఆడపిల్లల మధ్య ఆరుగురు మగపిల్లలుంటే, మీ ఆసుపత్రిలో పోయిన ప్రతి మనిషినీ కడిగించి, గుడ్డ చుట్టించి, మార్చురీకి మోయించింది ఆ ఆరుగురి చేతే. ఫస్టియర్లో మొదటి శవం మోసిన రోజు సీనియర్లు క్వార్టర్ సీసా అందించి, "తాగరా, వాసన పోద్ది" అన్నారు. మూడేళ్లయింది. వాసన పోలేదు.

యేసుకుమార్ తెల్లకోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక్కో గుండీకి రెండుసార్లు తడుముకోవాల్సి వస్తోంది. రాత్రి నుంచి చుక్క ముట్టలేదు. గేటు దగ్గర వార్డెన్ నోరు వాసన చూస్తాడు. ఇప్పటికి రెండుసార్లు దొరికాడు, మూడోసారి దొరికితే టీసీయే. కోర్సు ఇంకా ఆర్నెల్లుంది.

ఈ నెల డ్యూటీ మందు మాన్పించే వార్డులో. అక్కడి పేషెంట్లకు అతను బ్రదరు, అంటే మగ నర్సు. అక్కడ చేరిన మంగళగిరి ఆటోడ్రైవరు వెంకటప్పయ్య రెండు చేతులూ చాపాడు. వణుకు ఎంతుందో చూసి రాసుకోవాలి.

"ఏం బ్రదరూ, నా చేతులు చూడమంటే నీ చేతులు ఆడిస్తన్నావేంటి? పక్క మంచం ఖాళీయేగా, వచ్చెయ్. ఇద్దరం కలిసి మానేద్దాం!"

వార్డంతా నవ్వింది. యేసుకుమార్ కూడా నవ్వాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ మంచం కేసే చూశాడు.

మధ్యాహ్నం తనంతట తనే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు.

"మేడం, తాగకపోతే ఒళ్లంతా వణికిపోతోందండీ. నావల్ల కావట్లేదు. మన వార్డులోనే చేర్చుకోండి. రెండు వారాలు చాలండీ."

"మన స్టూడెంటుని మన వార్డులోనా? పేషెంట్లేమనుకుంటారు? కాలేజీ పరువేం కావాలి?"

"మాచేత శవాలు మోయించేటప్పుడు పరువు పోలేదాండీ?"

ఆవిడ గుమాస్తాను పిలిచి టీసీ రాయమంది.

మూడింటికి యేసుకుమార్ ఇంటికి పోవడానికి హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు. సాగనంపడానికి ఎవరూ రాలేదు. మిగతా ఐదుగురూ రెండో అంతస్తు నుంచి ఒక ముసలాయన శవాన్ని దించుతున్నారు.

ఆ ఐదుగురి చేతైనా ఆ పని మాన్పించండి. జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోండి. తాగుడు మాన్పించమని వచ్చిన పిల్లాడికి టీసీ కాదు, వైద్యం ఇవ్వండి. రేపు కాదు, ఇవాళే. ఆ బస్సు వెనకాల మనిషిని పంపి వెనక్కి తీసుకురండి.

వార్డు బల్ల మీద అడ్మిషన్ కాగితం ఒకటి ఉండిపోయింది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లేముందు అతను నింపుకున్నది. పేరు యేసుకుమార్, వయసు ఇరవై ఒకటి, అక్షరాలన్నీ వంకర్లు. మంచం నంబరు గడి ఒక్కటే ఖాళీ.