కంపెనీ ఒప్పుకున్న చాకు

శంకర్రావు కొట్లో ఒకే కంపెనీ మడత చాకులు రెండు రకాలు ఉండేవి. అద్దాల బీరువాలోవి ఖరీదైనవి. వాటికి జీవితకాలం వారంటీ. తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టే లాకు వదులైందంటే చాలు, కంపెనీ మారుమాట లేకుండా కొత్తది పంపుతుంది. గల్లా పక్కన అట్టపెట్టెలోవి చవకవి. వాటికి నెల రోజులే, అదీ బ్లేడు విరిగితేనే. లాకు ఊసు కంపెనీ ఎత్తదు. అమ్మేటప్పుడు శంకర్రావూ ఎత్తడు. "రెండూ ఒక్క కంపెనీవే" అంటాడు. అబద్ధం కాదు కదా, అదే ఆయన ధైర్యం.

ఎండకు నాందేడ్ భగ్గుమంటున్న ఒక మధ్యాహ్నం సంగన్న వచ్చాడు. ముద్ఖేడ్ దగ్గర గులాబీ తోటలో కొమ్మలు కోసే మనిషి. కుడిచేతికి కట్టు ఉంది. ఎడమచేత్తో చవక చాకు తీసి గల్లా మీద పెట్టాడు.

"కొమ్మ కోస్తుంటే మూసుకున్నది సేటూ. రెండు వేళ్లు పోయినయి."

శంకర్రావు చాకు తెరిచి బ్లేడు వీపు మీద నొక్కి చూశాడు. లాకు పట్టలేదు.

"లడాయికి రాలే," అన్నాడు సంగన్న. "తాగి కోసుకున్నవని తోట మాలక్ పనికి రావద్దన్నడు. నా పెండ్లాం భీమవ్వ గూడ నా దిక్కు అనుమానంగ చూస్తున్నది. కంపెనీ కొత్తది ఇస్తే, తప్పు చాకుదే అని తెలుస్తది గద."

కంపెనీ ఇవ్వదని శంకర్రావుకు తెలుసు. చెబితే, అమ్మిననాడు ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. "పంపి చూస్త. వచ్చే వారం రా," అన్నాడు. పంపలేదు, సొరుగులో పడేశాడు.

వారం తిరిగేసరికి సంగన్న గుమ్మంలో ఉన్నాడు. శంకర్రావు చెయ్యి అద్దాల బీరువా దాకా వెళ్ళింది. ఆయన జాలి అంత ఖరీదైనది కాదు. చెయ్యి వెనక్కి వచ్చి అట్టపెట్టెలో దూరింది.

"ఇగో, కంపెనీ ఇచ్చింది."

సంగన్న కళ్ళు నిండాయి. "నేను తాగలే సేటూ, చూసినవా," అని చాకును కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు అతని భార్య భీమవ్వ ఒక్కతే వచ్చింది. ఆ కొత్త చాకు గల్లా మీద పెట్టింది.

"కంపెనీ ఒప్పుకున్నదని మాలక్ మల్ల పనికి పిలిచిండు. ఎడమచేత్తో కోస్తుంటే ఆ చెయ్యి గూడ తెగింది. కొత్త చాకు గూడ గట్లెట్ల మూసుకుంటది సేటూ? ఆయన తాగుడు నిజమే. కొత్త చాకు వచ్చినంక ఆయన మాట నమ్మిన నేనే పిచ్చిదాన్ని."

ఇదీ అట్టపెట్టెలోదే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. శంకర్రావు చాకును తన వైపు లాక్కున్నాడు.

"పని మీద ధ్యాస ఉండాలె గద, భీమవ్వా," అన్నాడు.

"అవును సేటూ," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.