ఉరుకుందు నలభై సెకన్లు

"పాత పెన్షన్లన్నీ తీసేస్తారంట! తీసేసే మనిషి పదిగంటల బస్సుకు దిగుతాడంట!"

ఆదివారం పొద్దున కృష్ణవేణమ్మ ఈ వార్తను వీధిలో పదకొండు ఇళ్లకు మోసింది. ఎవరూ అనుమానపడలేదు. ఆమె కొడుకు శ్రీనివాసులు కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. పెన్షన్లు ఇప్పుడు వచ్చేదీ పోయేదీ కంప్యూటర్లోంచే కదా! నిన్న సాయంత్రం అతను ఫోన్లో "పాత వెర్షన్లన్నీ తీసేద్దాం" అంటుంటే ఆమె ఎడమ చెవితో విన్నది. ఆమెకు పనిచేసే చెవి కుడిది.

పదిన్నరకల్లా శ్రీనివాసులు ఇంటి వసారా నిండిపోయింది. పద్నాలుగుమంది పెద్దలు, ఆరు చేతికర్రలు, ఎవరి కుర్చీ నమ్మకుండా తన ప్లాస్టిక్ కుర్చీ తనే తెచ్చుకున్న బొజ్జన్న. ఈ బొజ్జన్న నలభై ఏళ్లపాటు చుట్టుపక్కల పల్లెల్లో అన్నదమ్ములకు పొలాలు పంచిన పెద్దమనిషి. బొజ్జ లేదు గానీ అన్న మాత్రం అందరికీ.

తీసేసే మనిషి మెట్లెక్కాడు. బద్వేలు కాలేజీ ల్యాబులో పనిచేసే ఏసుకుమార్, భుజాన సంచిలో లాప్‌టాప్. ఇంతమంది తనకోసం కాచుకుని ఉండటం చూసి, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని చెప్పులు మెల్లగా విడిచాడు.

ఇక్కడ కొంచెం ల్యాబు సంగతి చెప్పాలి. రెండో సంవత్సరం వాళ్లకు పైథాన్ అనే కంప్యూటర్ భాష పాతది కావాలి, మూడో సంవత్సరం వాళ్లకు కొత్తది కావాలి, ఇంకో పాఠానికి రూబీ కావాలి. అరవై కంప్యూటర్లలో చేత్తో మార్చుకుంటూ పోతే చివరి కంప్యూటరు దగ్గరికి చేరేసరికి పరీక్షలు వస్తాయి. అందుకని ఒక్క ముక్క టైపు చేస్తే కావలసిన వెర్షన్ తనే తెచ్చి పెట్టే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు అంటారు, ఒకటి శ్రీనివాసులు దగ్గర ఉంది. రంగులు మారుస్తుంది కాబట్టి దాని పేరు 'తొండ'. ఏసుకుమార్ దగ్గరా అలాంటిదే ఉంది. పైథాన్ పామే కదా, పాము పొర విడుస్తుంది కదా అని దాని పేరు 'పొర'. రెండూ నెట్టులో అందరికీ ఉచితం. రెండూ చేసేది ఒకే పని.

చిక్కంతా అక్కడే. పైథాన్ దొరికే చిరునామా ఈమధ్య మారితే తొండలో దిద్దారు, పొరలో దిద్దలేదు. ఎక్కడో ప్రాక్టికల్ పరీక్షనాడు సగం ల్యాబు నోరు తెరుచుకుని కూర్చుంది. తప్పొకటి, దిద్దుబాట్లు రెండు. ఇక రెండూ కలిపి ఒకటే ఉంచుదామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏది ఉంచాలన్న దగ్గర మాత్రం తొండవాడు పొరవాడిది పొరపాటన్నాడు, పొరవాడు తొండవాడిది తొండి అన్నాడు, పొరపొచ్చాలు వచ్చాయి.

శ్రీనివాసులుకు తొండ పోతే పరువే పోతుంది. కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాలు "తొండ సృష్టికర్త" అంటూ అతనికి ఎర్ర శాలువా కప్పాడు. ఆ ఫోటో టీవీ పైన గోడకు ఉంది. తొండ లేకపోతే ఆ ఫోటోలో మిగిలేది చలికి వణుకుతున్న మనిషి.

బొజ్జన్న గొంతు సవరించాడు. "ఏమప్పా సీనా, తీసేసేది ఎవురిది? ముందు అది చెప్పు."

"ఒకటి పోవాల పెద్దాయనా," అన్నాడు ఏసుకుమార్. "అన్నదన్నా పోవాల, నాదన్నా పోవాల."

"మీకు పెన్షనెట్లొచ్చెరా, వెంట్రుకలింకా నల్లగుండాయి?"

"నాది రంగు పెద్దాయనా," అన్నాడు శ్రీనివాసులు విసుగ్గా. "పెన్షనేంది మధ్యలో? అదంతా తర్వాత చూద్దాం. మా కాడ ఒకే పని చేసేవి రెండుండాయి, ఒకటి చేసుకోవాల. అంతే."

"ఒకటుంటే రెండు చేసినా నా జన్మంతా. రెండుంటే ఒకటి చేయమన్నోడివి నువ్వే మొదులు," అని బొజ్జన్న కుర్చీ ముందుకు జరిపాడు. పంచాయితీ అన్నాక ఆయనకు పెన్షన్ గుర్తులేదు. "పొలం పంచేటప్పుడు పెద్దోడు భాగాలు పెట్టాల, చిన్నోడు ముందు ఏరుకోవాల. అప్పుడు ఎవురూ మోసం చేయలేరు. ఈడా అంతే. నీది అతను చదవాల, అతనిది నువ్వు చదువు. ఎదుటోడు బాగుండాదన్నదే ఉంటాది."

లాప్‌టాప్‌లు చేతులు మారాయి. పదినిమిషాలు ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు. అప్పుడు శ్రీనివాసులు తొడ కొట్టినంత పని చేశాడు.

"చూడండప్పా ఈ పొర సంగతి! నెట్టు తెగితే నలభై సెకన్లు ఊరికే నిలబడతాది! ఏం చేయదు, నిలబడతాది! ఏం ఏసూ, ఇది స్క్రిప్టా, బద్వేలు బస్సా?"

ఏసుకుమార్ తెర మీంచి తల ఎత్తలేదు. "నీ తొండ గూడా నిలబడతాది అన్నా. సరిగ్గా నలభై."

"నాదాంట్లోనా?"

"నూట పన్నెండో వరుస. ఎందుకు పెట్టినావన్నా?"

"నువ్వెందుకు పెట్టినావు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒకసారి తీయబోయినా అన్నా. ఏమవుతాదో అని భయమేసి మళ్లీ పెట్టినా."

"నేను గూడా," అన్నాడు శ్రీనివాసులు, గొంతు తగ్గించి.

బొజ్జన్న కళ్లు మెరిశాయి. "గట్టురాయప్పా అది! ఎవురు నాటినారో తెలీదు, పీకేదానికి భయం. రెండు చేన్లల్లో ఒకే రాయి ఉందంటే అవి ఒకప్పుడు ఒకే చేను. ఆ రాయి ఎందుకు నాటినారో చెప్పినోళ్లదే చేను. చెప్పండి మరి."

"నేను నాటలేదు పెద్దాయనా," అన్నాడు ఏసుకుమార్ వెంటనే. "ఆలూరులో చదివిన ఫ్రెండు పెన్‌డ్రైవులో ఇచ్చినాడు. దాని మీద నేను కట్టుకుంటూ పోయినా."

ఆలూరు మాట వినగానే శ్రీనివాసులు చూపు గుమ్మంలోంచి టీవీ పైనున్న ఫోటో మీదికి పోయింది. పన్నెండేళ్ల కిందట అతను ఆలూరు కాలేజీలో ఏడు నెలలు పనిచేశాడు. అక్కడి ల్యాబు మేడమ్ ప్రేమజ్యోతి. ఊరు విడిచేనాడు ఆమె కంప్యూటర్లో ఉన్నదంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. తర్వాత రూబీ చేర్చాడు, రంగులద్దాడు, పేరు పెట్టాడు. పెరుగు తన ఇంట్లో తోడుకుంది కాబట్టి తనదే అనుకున్నాడు. తోడు ఎవరింటిదని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇప్పుడూ చెప్పకుండా ఉండేవాడే. కానీ కృష్ణవేణమ్మ కుడి చెవి ఆ క్షణాన సరిగ్గా ఇటే తిరిగి ఉంది.

"ఆలూరా? నువ్వు పనిచేసిండె ఊరే గదరా సీనా!"

పద్నాలుగు తలలు తిరిగాయి. శ్రీనివాసులు ఫోన్ తీసి, మేడమ్‌కు కలిపి, స్పీకర్ పెట్టాడు.

"నలభై సెకన్లా?" అవతల ప్రేమజ్యోతి పగలబడి నవ్వింది. "ఇంకా ఉండాదా సార్ అది? మా అటెండరు ఉరుకుందు గుర్తుండాడా మీకు? కంప్యూటర్లకు బ్యాటరీ ఉండె, నెట్టు డబ్బాకు లేకపాయ. కరెంటు పోతే ఆయన గేటు కాడి నుంచి వచ్చి జనరేటరు వేయాల. పేరులోనే ఉరుకు, కాళ్లల్లో లేదు. గడియారం పెట్టి కొలిచినా, నెట్టొచ్చేదానికి నలభై సెకన్లు. అంతసేపు ఆగి మళ్లీ మొదులుపెట్టమని రాసినా."

"ఇప్పుడు మేడమ్?"

"ఇప్పుడు అన్నిటికీ ఇన్వర్టరే. ఉరుకుందు రిటైరై మూడేండ్లాయ. పెన్షను తీసుకుంటాండాడు."

"అదిగో! ఆయప్పదే తీసేస్తాండారు!" అంది గుంపులోంచి ఒక గొంతు.

పన్నెండేళ్లుగా రెండు జిల్లాల ల్యాబుల్లో నెట్టు తెగినప్పుడల్లా వందల కంప్యూటర్లు, ఆలూరులో ఒక మనిషి గేటు నుంచి తాపీగా నడిచి రావడం కోసం లేచి నిలబడ్డట్టు నిలబడ్డాయి.

శ్రీనివాసులు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. "మేడమ్, అది మీది. నాదని చెప్పుకున్నా. శాలువా గూడా కప్పించుకున్నా."

"శాలువా ఏం రంగు సార్?"

"ఎరుపు."

"మీ కాడే ఉండనీండి. ఆలూరు ఎండకు శాలువా ఏం చేసుకోను? పైన నా పేరు మాత్రం రాయండి."

రాశారు. మొదట ఆమె పేరు, కింద వీళ్లిద్దరివీ. తొండ, పొర పోయి ఒకటే మిగిలింది. దానికి 'ఉరుకుందు' అని పేరు పెట్టింది బొజ్జన్న. నలభై సెకన్ల వరుసను ఏసుకుమార్ కొట్టేశాడు. ఇన్నేళ్లకు ఉరుకుందు ఉరికాడు.

గుంపు మాత్రం కదల్లేదు. "ఎవురిదో పెన్షను కొట్టేసి నవ్వుతాండారే!" అని ఒక ముసలాయన చేతికర్ర నేలకు కొట్టాడు.

అప్పుడు శ్రీనివాసులుకు అసలు సంగతి అర్థమైంది. "పెన్షన్లు కాదు తాతా! వెర్షన్లు! కంప్యూటర్లో ఉండే పాత సామాను. మీ పెన్షన్లు మా చేతిలో లేవు, ఎవురూ తీయలేదు!"

వసారా ఖాళీ అయింది. కృష్ణవేణమ్మ తప్పును తనే దిద్దుతానని కొంగు బిగించింది. ఈసారి ఏం చెబుతుందోనని శ్రీనివాసులు చెప్పులేసుకుని వెంట నడిచాడు.

"పెన్షన్లు కాదంట, వెర్షన్లంట," అంది ఆమె మొదటి ఇంటి దగ్గర.

"మరి తీసేసిందేంది?" అడిగింది ఆ ఇంటావిడ.

"నా తొండను," అన్నాడు శ్రీనివాసులు నేల చూస్తూ. "అది నాది గూడా కాదు. ఆలూరు ప్రేమజ్యోతి మేడమ్‌ది."

"గట్టిగా చెప్పురా, ఆమెకు వినపడదు," అంది తల్లి.

గట్టిగా చెప్పాడు. పదకొండో ఇంటికి వచ్చేసరికి ఎవరూ అడగకముందే చెబుతున్నాడు.